కారం సరే, సంగటి ఏదీ?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం అనంతపురంలో సీమ తిండి గురించి జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతా మాటలు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రా తల్లీ, కూర్చో. మైకు వినపడుతోందా? సరే.

ముందు మీకో ప్రశ్న. రాయలసీమ వంట అంటే మీకు మొట్టమొదట ఏం గుర్తొస్తుంది? గట్టిగా చెప్పండి. ఆ... కారం. చూడండి, ఇక్కడ పుట్టి పెరిగిన మనమే కారం అంటున్నాం. ఇంక హైదరాబాదులోనో బెంగళూరులోనో బోర్డు చూసి హోటల్లోకి పోయేవాళ్లను ఏమనగలం? మెనూలో ఏ పేరు ముందైనా 'రాయలసీమ' అని చేర్చారంటే అది ఎర్రగా ఉంటుందని, నోరు మండుతుందని అర్థం. కోడివేపుడు రాయలసీమ, రొయ్యల వేపుడు రాయలసీమ. అయ్యా, అనంతపురానికి, కడపకు రొయ్యలు ఎక్కడివి? మొన్న ఒక పెద్ద ఊళ్లో, పేరు ఎందుకులెండి, సీమ భోజనం అని రాసి ఉంటే వెళ్లాను. తెల్లన్నం పెట్టారు, పక్కన నాలుగు రకాల ఎర్రటి కూరలు పెట్టారు. సంగటి ఉందా నాయనా అని అడిగితే, అది ఆదివారం మాత్రమే సార్ అన్నాడు. జొన్నరొట్టె? లేదు. ఊరిబిండి? అదేంటి సార్ అన్నాడు. ఆ పిల్లాడిది తప్పు కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. కానీ నాకు బాధేసింది, నిజంగా బాధేసింది.

అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన వంట కారం దగ్గర మొదలు కాలేదు, గింజ దగ్గర మొదలైంది. గింజను బట్టి ముద్ద. ముద్దను బట్టి పులుసు. పులుసును బట్టి అందులో కారం. ఈ వరసలో ముందున్నవన్నీ వదిలేసి చిట్టచివరిదాన్ని పట్టుకున్నాం మనం. గింజ పోయింది, కారం మిగిలింది. గింజ లేకుండా ఆ కారం తింటే కడుపు మండక ఏమవుతుంది?

వాన సంగతి చెప్పకుండా గింజ గురించి చెప్పలేం. అనంతపురంలో ఏడాదంతా కలిపితే సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురుస్తుంది, అదీ కురిస్తే. నైరుతి మబ్బులు పడమటి కనుమల్లోనే సగం ఖాళీ అయి వస్తాయి. ఈశాన్యం బంగాళాఖాతం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి సన్నగిల్లిపోతుంది. రెండు రుతుపవనాలకూ మనం చివరివాళ్లం. ఇలాంటి నేలమీద ఏం పండుతుంది? వరి పండుతుందా? చెరువు కింద, తుంగభద్ర కాలువ కింద పండుతుంది, మిగతా చోట్ల పండదు. మిగతా చోట్ల జొన్న, కొర్ర, సజ్జ, రాగి, ఆరిక. వాటి సాళ్ల మధ్యలో కంది, అనుములు, అలసందలు, పెసలు, గట్టుమీద ఆముదం. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుందని అన్నీ కలిపి వేసేవాళ్లు. అంటే చేనే భోజనం అన్నమాట. ముద్దకు గింజ అక్కడే, పప్పుకు కంది అక్కడే, కూరకు అనపకాయ, అంటే అనుముల పచ్చికాయ, అక్కడే, సాళ్ల మధ్యలో ఎవరూ వెయ్యకుండా మొలిచే గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు కూడా అక్కడే. ఆ ఆకులన్నీ కలిపి కందిపప్పుతో వండి ఎనిపిన పుల్లగూర తిన్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. తలలు నెరిసినవాళ్లే ఎత్తారు. పిల్లలు ఎత్తలేదంటే మరి, కలుపుమందు కొట్టిన చేలో గురుగాకు ఎక్కడ మొలుస్తుంది?

ఇంకోటి, ఈ గింజలు నిలవుంటాయి. రాగులు ఏళ్లతరబడి పురుగు పట్టకుండా ఉంటాయి. జొన్నల్ని పాతరేసేవాళ్లు. పాతర చూసినవాళ్లు ఉన్నారా? ఆ పెద్దాయన చూశారట. నేలలో బావిలాగా లోతుగా తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేస్తారు. తెరిచినప్పుడు వెంటనే దిగకూడదు. లోపల గాలి చెడిపోయి ఉంటుంది, దిగినవాళ్లు దిగినట్టే పోతారు. ఒక పూట తెరిచి ఉంచి, దీపం తాడుకు కట్టి లోపలికి దించి, దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. తిండి కోసం అంత జాగ్రత్త పడ్డారు, ఎందుకని? ఇది 1876లో, ధాత నామ సంవత్సరంలో వచ్చిన ధాత కరువు చూసిన నేల. 1950ల మొదట్లో కూడా ఇక్కడ గంజి కేంద్రాలు నడిచాయి, ఆ గంజి కోసం వరసలో నిలబడ్డవాళ్ల పిల్లలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. కరువుకు తట్టుకునే గింజ ఏదో వాళ్లకు పుస్తకాలు చెప్పలేదు.

సరే, సంగటికొద్దాం. ఇది కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే చెయ్యడం మర్చిపోతున్నారు. ఒక గ్లాసు బియ్యం నానబెట్టుకోండి, నూకలైతే ఇంకా మంచిది. నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా, జావ జావగా ఉడకనివ్వాలి, పొడిపొడిగా ఉంటే పనికిరాదు. అప్పుడు రెండు గ్లాసుల రాగిపిండి నడిమధ్యలో కుప్పగా పొయ్యాలి. పోసి కలపకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు, పిండి పడగానే గరిటె పెడతారు, గడ్డలు కడుతుంది. కలపొద్దు. కట్టె కాడతో ఆ కుప్ప మధ్యలో ఒక బొక్క చేసి, మూతపెట్టి, సన్నసెగ మీద వదిలెయ్యాలి. ఆవిరి ఆ బొక్కలోంచి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. పచ్చిపిండి వాసన పోయి కమ్మటి వాసన వచ్చిందాకా ఆగి, అప్పుడు దించి, సంగటికట్టెతో గెలకాలి. గెలకడమంటే ఆషామాషీ కాదు. అవ్వలు కుండను రెండు పాదాల మధ్య అదిమిపెట్టి, నడుము వంచి, రెండు చేతులతో కట్టె పట్టుకుని గెలికేవాళ్లు. చెయ్యి తడి చేసుకుని సంగటిని ముట్టుకుంటే వేలికి అంటుకోకూడదు, అంటుకుందంటే ఇంకా ఉడకాలి. తర్వాత తడిచేత్తో ముద్దలు కట్టడమే.

ఇప్పుడు ఆ ముద్దను ఎలా తింటాం? నమలం. అవునా కాదా? చిన్న తునక తీసుకుని, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, పులుసులో ముంచి మింగుతాం. రాగిముద్దకు దానంతట దానికి పెద్ద రుచి ఉండదు, చాలా ఇళ్లలో అందులో ఉప్పు కూడా వెయ్యరు. పైగా నోట్లో ఎక్కువసేపు ఉండదు. మరి అంత చప్పటి ముద్ద గొంతు దిగాలంటే పక్కనున్నది ఎలా ఉండాలి? పలచగా ఉండాలి, ముద్దకు పట్టుకోవాలి. ఉప్పు, పులుపు, కారం మూడూ గట్టిగా ఉండాలి. మన పులుసులు ఘాటుగా ఉండటానికి అసలు కారణం అది. మనం కోపిష్టివాళ్లమనో, పౌరుషం కోసమనో సినిమావాళ్లు చెప్పే కారణం కాదు. నాటుకోడి పులుసు ఒక్క గరిటె అంత పెద్ద ముద్దకు సరిపోవాలి. ఆ గరిటెను అన్నం మీద పోసుకుని, ఇంకో గరిటె, ఇంకో గరిటె పోసుకుని తింటే మరి మంట పుట్టదా? కూర చేసినవాళ్ల లెక్క వేరు, తినేవాళ్ల లెక్క వేరు అయిపోయింది.

కారం చరిత్ర కూడా ఒక్క నిమిషం. మిరపకాయ ఈ దేశంది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది, 16వ శతాబ్దంలో. అంటే రాయల కాలానికి ఇంకా మన పొలాల్లో కుదురుకోలేదు. విజయనగరం వైభవంగా ఉన్న రోజుల్లో ఘాటు కావాలంటే మిరియమే. మనం ఈరోజు సీమ పౌరుషం అని చెప్పుకునే ఎర్రరంగు ఆ రాయలవారి పళ్లెంలో లేదు. జొన్న ఉంది, ఉలవలు ఉన్నాయి, చింతపండు ఉంది, నువ్వులు ఉన్నాయి.

వేరుశనగ ఇంకా కొత్తది. ఇదీ దక్షిణ అమెరికాదే. మన దగ్గర ఇంత పెద్దెత్తున పాకింది గత వందేళ్లలోనే. అంతకుముందు నూనె అంటే నువ్వులు, కుసుమలు, వెర్రినువ్వులు. కానీ చెనక్కాయ ఎంత బాగా కలిసిపోయిందంటే ఇప్పుడు అది లేని సీమ వంట ఊహించలేం. కదిరి పరిశోధన కేంద్రంలో తయారైన రకాలు దేశమంతా వేస్తున్నారు, కదిరి-3, కదిరి-6, ఈమధ్య కదిరి లేపాక్షి. ఊరి పేరు విత్తనానికి పెట్టారు, మనం గర్వపడాలి దానికి. అయితే ఒకమాట, చెనక్కాయ డబ్బులు తెచ్చింది కాబట్టి జొన్న, కొర్ర చేలు తినేసింది కూడా. చేను నిండా ఒకటే పంట. వాన పోతే అంతా పోయినట్టే. రెండూ నిజమే, రెండూ చెప్పాలి.

ఇందాక ఊరిబిండి అన్నాను కదా. చెనిగింజలు దోరగా వేయించి పొట్టు తీసుకోవాలి. ఎండుమిరపకాయలో పచ్చిమిరపకాయలో నూనె చుక్కతో వేయించుకోవాలి. రోట్లో ముందు మిరపకాయలు, రాళ్లుప్పు, తెల్లగడ్డ, నానిన చింతపండు. అవి నలిగాక చెనిగింజలు. మెత్తగా నూరకూడదు, పలుకు తగలాలి. కడాన ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, వేసి రెండు దెబ్బలు కచ్చాపచ్చాగా, అంతే. ఎర్రగడ్డ నీరు బిండిలోకి దిగాలిగానీ గుజ్జు కాకూడదు. మిక్సీలో వేస్తే ఏమవుతుంది? చెనిగింజల నూనె బయటికొచ్చి పేస్టు అవుతుంది. మిక్సీ తప్పదనుకుంటే ఆపి ఆపి తిప్పండి, ఎర్రగడ్డ మటుకు చేత్తో దంచి కలుపుకోండి. వేడి సంగటి, ఈ ఊరిబిండి, పైన కాస్త నెయ్యి. మాంసం అవసరమే లేదు. నన్నడిగితే సీమ భోజనం అంటే ఇదే, నాటుకోడి పండగపూటది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించారా? మనవాళ్లు కారం పెట్టిన ప్రతిచోటా దాన్ని అణిచేది కూడా పక్కనే పెట్టారు. ప్రొద్దుటూరు వైపు, నంద్యాల వైపు ఎర్రకారం దోసె తీసుకోండి. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి నూరిన కారం దోసెమీద పూస్తారు. ఊరికే వదిలేస్తారా? దానిమీద పుట్నాల పప్పుల పొడి చల్లుతారు, నెయ్యి వేస్తారు. పప్పుల పొడి కారాన్ని పీల్చుకుంటుంది, నెయ్యి నాలుకను కాపాడుతుంది. ఎర్రగా కనిపించినంత మంట ఉండదు. కర్నూలు, ఆదోని వైపు చాలామంది వాడేది బ్యాడిగి రకం మిరపకాయ, ముడతలు ముడతలుగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. రంగు చూసి భయపడేవాళ్లకు చెప్పండి ఈమాట. హోటలువాళ్లు ఏం చేస్తున్నారు? పప్పుల పొడి ఎగ్గొట్టి కారం రెట్టింపు చేస్తున్నారు.

ఉగ్గాని సంగతీ అంతే. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పైన పప్పుల పొడి, నిమ్మరసం. చల్లగా, మెత్తగా ఉంటుంది. దాని పక్కన మిరపకాయ బజ్జీ. ఒకటి లేకుండా రెండోది తినం. ఇదే ఉగ్గాని బళ్ళారిలో కూడా దొరుకుతుంది, వాళ్లు ఒగ్గరణె అంటారు. వాళ్లది మనం తెచ్చుకున్నామా, మనది వాళ్లు తీసుకున్నారా అని కొట్లాడుకునేవాళ్లున్నారు. 1953 దాకా బళ్ళారి, అనంతపురం, కర్నూలు, కడప అన్నీ కలిసే ఉన్నాయి కదండీ, నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్తమండలాలవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరులో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకొచ్చాయి. గీత మ్యాపు మీద గీశారు. పొద్దున ఏడింటికి బండి దగ్గర నిలబడి బొరుగులు తినేవాళ్ల నోటికి ఆ గీత తెలియదు.

ఇంకో నెల ఆగితే అనపకాయలు వస్తాయి. అబ్బా, ఆ మాట అనగానే మదనపల్లె అక్క నవ్వుతున్నారు. చిత్తూరు, మదనపల్లె, హిందూపురం, అటు కోలారు దాకా డిసెంబరు, జనవరిలో ప్రతి ఇంట్లో అదే వాసన. మంచు పడితేగాని అనపకాయకు వాసన పట్టదని పెద్దవాళ్లు అంటారు. కాయ ఒలిస్తే వేళ్లకు జిడ్డుగా సొన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. ఆ గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పితికితే తొక్క వేళ్లలో ఉండిపోయి పప్పు టక్కున గిన్నెలోకి దూకుతుంది. పితికిపప్పు. కిలో గింజలు పితకాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి, చిన్నపిల్లలు కూడా పందెం వేసుకుని మరీ పితుకుతారు. కొబ్బరి, ధనియాలు, గసగసాలు, లవంగం, చెక్క నూరి పెట్టిన పితికిపప్పు పులుసులో కారం ఎంతుంటుంది? చాలా తక్కువ. కారం ఎక్కువైతే అనప వాసన చచ్చిపోతుంది. మరి ఇది సీమ వంట కాదా? ఏ హోటల్లో పెడుతున్నారు? పితికే తీరిక ఉండదు వాళ్లకు, నేనర్థం చేసుకోగలను. కానీ ఆ రెండు నెలలైనా బోర్డుమీద రాసిపెట్టొచ్చు కదా.

ఉగాదికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేస్తాం. శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్లు పారబోస్తామా? ఆ కట్టులో చింతపండు, కాస్త పూర్ణం, మిరియాలు, జీలకర్ర వేసి చారు కాస్తాం. చాలామందికి ఓళిగకన్నా ఆ చారే ఇష్టం. తియ్యగా, పుల్లగా, ఘాటుగా, మూడూ ఒక్క గుటకలో తెలుస్తాయి.

ఇవన్నీ ఎందుకు తగ్గిపోయాయి? ఒకటే కారణం చెప్పడం అన్యాయం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. నేను దాన్ని తప్పుపట్టను, ఎప్పుడూ తప్పుపట్టను. పండగకు తప్ప వరన్నం చూడని ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది, పిల్లలు ఆకలితో పడుకోలేదు. అన్నం తినడం గౌరవం, సంగటి తినడం నామోషీ అనే రోజులవి. సద్దిమూటలో సంగటి తెచ్చుకున్న పిల్లాడు బడిలో పక్కకు తిరిగి తినేవాడు. కానీ రేషన్‌లో బియ్యంతోపాటు రాగులు, జొన్నలు, కొర్రలు కూడా మొదటినుంచీ కొని పంచి ఉంటే చేలల్లో ఆ పంటలు నిలిచేవి, నా బాధంతా అది. ఇప్పుడు చూడండి, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, అందరూ సిరిధాన్యాలు అంటున్నారు, అదే కొర్రలు నగరాల్లో ప్యాకెట్లలో బియ్యానికి రెండింతలు, మూడింతల ధరకు అమ్ముతున్నారు. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి మంచి కొర్ర రకాలు ఇచ్చింది. విత్తనం ఉంది, నేల ఉంది. దంచి పొట్టు తీసే మిషను ఊళ్లో లేక రైతు వెనకాడుతున్నాడు. కొర్రను మన రైసుమిల్లులో వేస్తే పనికాదు, గింజ చిన్నది, దానికి వేరే మిషను కావాలి. మండలానికి ఒకటైనా పెట్టించండని నేను కనిపించిన అధికారినల్లా అడుగుతున్నాను. మీరూ అడగండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.

షుగర్ ఉన్నవాళ్లు సంగటి ఎంతైనా తినొచ్చా అని అడుగుతున్నారు. ఎంతైనా తినకూడదమ్మా. రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, బియ్యంలో పది కూడా కష్టం. పీచు కూడా ఉంది. కానీ అదీ పిండిపదార్థమే, ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది. చిన్నముద్ద, పక్కన పప్పు, ఆకుకూర ఎక్కువ పెట్టుకోండి, డాక్టరు చెప్పిన లెక్క దాటకండి.

ఇంకెవరు? ఆ, చెప్పు తల్లీ. జొన్నరొట్టె తడితే అంచులు పగిలిపోతున్నాయా? నీళ్లు మరిగించి పోస్తున్నావా, చల్లనీళ్లా? అదీ సంగతి. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నలో ఉండదు, మరిగే నీళ్లు పోస్తేనే పిండి సాగుతుంది. పోసి గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా మర్దించాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయి, ఆ నీళ్లు ఆరకముందే తిప్పొద్దు. పిండి ఎప్పటిది? రెండు నెలలదా? దాంతో ఎవరు తట్టినా పగులుతుంది. ఒక్క కిలో జొన్నలు ఆడించుకో, ఆ వారంలోనే వాడెయ్యి, రొట్టె ఎందుకు రాదో చూద్దాం.